ఇతర వారసులెవరూ లేరు

పోయిన నెల ఒక పొద్దున ఆయన కొడుకు నా షాపుకొచ్చాడు. సెల్లులోంచి ఒక ఫొటో పంపి, "అక్కా, నాన్న పెద్దకర్మ కార్డు కొట్టాలి. మొహం కొంచెం తెల్లగా చెయ్యి" అన్నాడు. ఫొటో తెర మీదకి రాగానే నేను నా కుడిచెయ్యి కొంగుకి తుడుచుకున్నాను. పోయిన మనిషిని చూస్తే జాలి పడాలి, కనీసం పడ్డట్టు ఉండాలి. నాకు మాత్రం ముందు గుర్తొచ్చింది ఆయన బొటనవేలి తడి.

నందిగామలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుటి వరసలో నాది టైపింగూ జిరాక్సూ చేసే చిన్న షాపు. నా గోడకి ఆనుకునే ఆయన గది. దస్తావేజులు రాసేవాడు. అమ్మకాలు, పంపకాలు, వీలునామాలు ఆయన రాసిస్తే నేను టైపు చేసేదాన్ని. కాగితం తిప్పాలంటే ముందు నాలుక బయటికొచ్చేది, దాని మీద బొటనవేలు అద్దేవాడు, ఆ వేలు కాగితం మీదకి పోయేది. పొద్దస్తమానం వక్కపొడి నమిలే నోరు. ఆయన ఇచ్చే ప్రతి కాగితానికీ కింది మూల ఒక గోధుమరంగు మరక ఉండేది. ఆ మూల తగలకుండా పై అంచు పట్టుకుని అందుకోవడం నాకు పదిహేనేళ్ల అలవాటు.

ఆయన పేరు ఇక్కడ రాయను. భయపడి కాదు. జీవితమంతా ఎదుటివాళ్ల పేర్లు తీసేసిన మనిషికి ఆ మాత్రం చెల్లు.

చూడ్డానికి శుభ్రంగానే ఉండేవాడు. గంజి పెట్టిన తెల్ల చొక్కా, జేబులో మూడు పెన్నులు, ఒక పెన్సిలు. చిన్నపిల్లల్ని కూడా "మీరు" అనేవాడు. రాహుకాలం దాటందే ఎవరి చేతా సంతకం పెట్టించేవాడు కాదు. రాసిన దస్తావేజుని రెండు కళ్లకీ అద్దుకుని ఇచ్చేవాడు. ఆయనంత నెమ్మదస్తుడు లేడని వీధంతా చెప్పుకునేది. నిజమే, ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. ఆయన చేసే పనికి గొంతు అక్కర్లేదు. రబ్బరు చాలు.

పోయినవాళ్ల పొలం ఉన్నవాళ్ల పేరుకి మారాలంటే ఆ ఇంట్లో ఎవరెవరున్నారో వంశవృక్షం గీసి ఇవ్వాలి. అందులో ఆయన దిట్ట. ముందు పెన్సిలుతో అందరికీ గళ్లు గీసేవాడు. తాత, నాయనమ్మ, కొడుకులు, కూతుళ్లు, రెండో సంసారం, ఊరొదిలిపోయినవాడు, ఎవరినీ వదిలేవాడు కాదు. అంతా అయ్యాక తలెత్తి పార్టీ మొహంలోకి చూసేవాడు. పార్టీ అంటే గదిలో కుర్చీల మీద కూర్చున్న మగాళ్లు. వాళ్లు నోరు విప్పక్కర్లేదు. ఈయన రబ్బరు తీసి ఒక గడి మెల్లగా చెరిపి, వంగి, "ఫూ" అని ఊదేవాడు. ఆ రబ్బరు పొట్టూ ఆ నోటి వాసనా కలిసి మధ్యగోడ కిటికీలోంచి నా కీబోర్డు మీదకి వచ్చేవి. కింద ఆఖరి వాక్యం ఎప్పుడూ ఒక్కటే: వీరు తప్ప ఇతర వారసులెవరూ లేరు. ఆ వాక్యం నేను కళ్లు మూసుకుని కొట్టగలను.

"పేరు పెడితే రేపు దావా అవుద్దమ్మా. మనకెందుకు చెప్పు" అనేవాడు నాతో, ఏదో నాకే మేలు చేస్తున్నట్టు.

ఒకసారి జి.కొండూరు నుంచి ఒకావిడ వచ్చింది. అన్నదమ్ములు గీయించుకున్న వంశవృక్షం జిరాక్సు చేతిలో ఉంది. గుమ్మం అవతలే నిలబడి, "నా పేరు లేదేంటండీ ఇందులో?" అని అడిగింది. ఈయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "మీరు ఆ ఇంటి ఆడపడుచు కాకపోతారామ్మా? కాగితం మీద లేకపోతే ఏం, వాళ్ల మనసుల్లో ఉంటారు" అన్నాడు. ఆవిడ జిరాక్సు మడుచుకుని మెట్లు దిగిపోయింది. ఈయన నావైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వులో వక్కపొడి కనిపించింది.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది ఆఫ్రికా సంగతి.

మూడేళ్ల కిందట ఈయనకి ఒక వింత పని తగిలింది. దక్షిణాఫ్రికాలో, డర్బన్‌కి దగ్గర్లో, హెలెన్ అని ఒక రిటైరైన టీచరమ్మ. తెల్లావిడ. తన వంశం కూపీ తీసుకుంటోంది. ఆవిడ ముత్తాత ఇంగ్లండులో రాళ్లు కొట్టేవాడి కొడుకు. ఆఫ్రికాకి పోయి భూములు పట్టి చెరుకు వేశాడు. మన జిల్లాల నుంచి ఓడల్లో తీసుకుపోయిన కూలీలే ఆ చెరుకు నరికారు. అయితే అక్కడికి పోకముందు కొన్నేళ్లు ఆ దొర ఇక్కడే, జగ్గయ్యపేట దగ్గర బందరు-హైదరాబాదు రోడ్డు పనుల మీద ఓవర్సీరుగా ఉన్నాడు. ఆ కొన్నేళ్ల గురించి ఇంట్లో ఎవరూ నోరు విప్పేవాళ్లు కాదట. విజయవాడలో ఎవరో లాయరు, పాత రికార్డులు తెలిసిన మనిషని ఈయన పేరు చెప్పాడు. ఈయనకి ఇంగ్లీషు రాదు. ఈమెయిలు నాది, చదివి చెప్పడం నాది, జవాబు కొట్టడం నాది. "మన నందిగామ కేసు ఆఫ్రికా దాకా పోయిందండోయ్" అని టీ కొట్టు దగ్గర పది రోజులు చెప్పుకున్నాడు.

ఆ మొదటి ఉత్తరంలో హెలెన్ చివర ఒక మాట అడిగింది. "మా ఇంట్లో పిల్లల్ని అన్నానికి పిలిచేటప్పుడు 'దా, దా' అంటాం. ముత్తాత నుంచి వచ్చిందని చెబుతారు. అది మీ ఊరి మాటేనా?"

ఈయనకి చెబితే, "కూలోళ్లని పిలవటానికి నేర్చుకునుంటాడు" అన్నాడు. కూలీలని ఎవరూ దా దా అని పిలవరు. పసిపిల్లని పిలుస్తారు. అది నాకు అప్పుడే తట్టింది. తట్టి ఊరుకున్నాను.

పాత చర్చిలో రికార్డులుంటాయేమో చూద్దామని ఒక శనివారం ఇద్దరం బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్లాం. ఇంగ్లీషు చదవడానికి నేను. పాస్టరుగారు ఒక ఇనప్పెట్టె తెరిచి, బాప్తిస్మాలు రాసిన పాత పుస్తకం తీసిచ్చారు. ఈయన వేలు తడిపాడు. నేను ఆ పుస్తకం ఆయన చేతిలోంచి లాక్కున్నాను. అందులో ఉంది. పిల్ల పేరు రూతు. తల్లి నాగమ్మ. తండ్రి గడిలో దొర పేరు పూర్తిగా, ఎక్కడా దాచకుండా, కింద రోడ్డు ఓవర్సీరు అని ఉద్యోగంతో సహా.

"వాళ్ల మనుషులు ఇప్పటికీ ఉన్నారండీ" అన్నారు పాస్టరుగారు. "వెనకవీధిలో సుందరమ్మగారని. ఆ ఇంటిని ఇప్పటికీ దొరోళ్ల ఇల్లనే అంటారు."

సుందరమ్మగారికి ఎనభై దాటాయి. ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరయ్యింది. రూతు ఆవిడకి నాయనమ్మ. మమ్మల్ని చూడగానే రెండు కుర్చీలు వేసి, లోపలికి పోయి టీ పెట్టింది. ఈయన కళ్లు మేకల దొడ్డి తలుపు మీద పడ్డాయి. ఆ తలుపుకి గడియ బదులు ఒక పాత ఇనప గొలుసు చుట్టి ఉంది. పొడుగాటి కడ్డీ ముక్కలు, మధ్యలో కొంత కొంత దూరానికి ఒక ఇత్తడి బిళ్ల. ఈయన లేచి వెళ్లి ఒక బిళ్లని గోరుతో గోకి చూశాడు.

"సర్వే గొలుసమ్మా ఇది. దొరల కాలం నాటిది" అన్నాడు నాతో. ఆ క్షణం ఆయన మొహంలో నిజమైన సంతోషం చూశాను. ఇది ఆ దొర సంతానమేనని ఆయనకి ఏ అనుమానమూ మిగల్లేదు. అది నేను ఎక్కడైనా చెప్పగలను.

సుందరమ్మగారు టీ గ్లాసులు తెచ్చింది. ఈయన చేతులు జోడించి, "శనివారమమ్మా, నాకు ఉపవాసం" అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆయన్ని చూసి, గ్లాసు వెనక్కి తీసుకుంది. నేను నాది తాగాను.

విషయం చెప్పాం. ఆవిడ గోడకి చేరగిలబడింది.

"మా నాయనమ్మకి అయిదేళ్లప్పుడు పోయాడంట బాబూ ఆయన. ఓడెక్కుతా, ఉత్తరం రాస్తానన్నాడంట. ఇక ఆమె చచ్చిపోయిందాకా పోస్టుమేను వీధిలోకొస్తే లేచి నుంచునేది. నేను కళ్లారా చూశా. ఊరంతా ఓడెక్కినోడి కూతురని ఎగతాళి. పెళ్లిలో తండ్రి పేరు అడిగితే అందరూ తలకాయలు వంచుకున్నారంట."

"చర్చి పుస్తకంలో ఉంది మామ్మగారూ, తండ్రి పేరు" అన్నాను.

"ఇక్కడి పుస్తకంలో ఉంటే ఏంటమ్మా. ఆళ్ల పుస్తకంలో ఉండాల." ఆవిడ ఈయన వైపు తిరిగింది. "నాకు ఇల్లూ వద్దు వాకిలీ వద్దు. ఆళ్ల వంశం రాసుకుంటన్నారన్నారుగా. అందులో మా నాయనమ్మ పేరు ఒక్కటి పెట్టించండి బాబూ. ఆమె ఆయన కూతురని ఆళ్లు అనుకుంటే చాలు. ఆ హెలెనమ్మకి అమ్మ తండ్రి తండ్రి, నాకు నాయన తల్లి తండ్రి. వరస కడితే నాకు చెల్లెలవుద్ది."

"రాస్తానమ్మా. ఎందుకు రాయను?" అన్నాడు ఈయన. చెయ్యి గుండెల మీద పెట్టుకుని మరీ అన్నాడు.

బస్టాండుకొచ్చాక బండి దగ్గర నిలబడి నాలుగు మిరపకాయ బజ్జీలు తిన్నాడు. పైన టీ తాగాడు. వేళ్లు ఒక్కొక్కటే నాక్కుంటూ, "నువ్వూ తినమ్మా" అన్నాడు. సిమెంటు లారీల దుమ్ములో, అక్కడే, ఏదో ఒకటి అనాల్సింది. అనలేదు. అనకపోవడం నాకు కూడా అలవాటై చాలా ఏళ్లయింది.

మర్నాడు ఆయన గదిలో దొరగారి వంశవృక్షం గీశాడు. నిజం చెప్పాలి, ముందు అన్ని గళ్లూ గీశాడు. దొర, పక్కన నాగమ్మ, కింద రూతు, రూతు కొడుకు, సుందరమ్మ. చక్కగా గుండ్రటి అక్షరాలు. తర్వాత అలవాటు కొద్దీ తలెత్తి చూశాడు. ఎదురుగా పార్టీ లేదు. హెలెన్ సముద్రం అవతల ఉంది. అయినా రబ్బరు తీశాడు.

"బాబాయ్‌గారూ, సుందరమ్మగారికి రాస్తానని మాటిచ్చారు కదండీ" అన్నాను.

"ఇయ్యకపోతే వదుల్తదా? నువ్వే ఆలోచించమ్మా. పెద్దింటి మనుషులు. మీ ముత్తాతకి ఇక్కడొక సంసారం ఉందని రాస్తే ఆళ్లకేం మర్యాద? రేపు ఈవిడ మనవడెవడో ఆఫ్రికా భూములకి దావా వేస్తే మన మెడకి చుట్టుకోదా?"

"ఆవిడ భూమి అడగలేదుగా."

"ఇయ్యాల అడగలా."

చెరిపాడు. వంగాడు. "ఫూ."

తర్వాత చెప్పాడు, నేను ఇంగ్లీషులో కొట్టాను. సదరు దొరగారు ఈ ప్రాంతంలో ఒంటరిగా నివసించినారు, ఇక్కడ వివాహము గానీ సంతానము గానీ లేదు, ఇతర వారసులెవరూ లేరు. నేనే కొట్టాను. నా షాపుకొచ్చే పనిలో ముప్పాతిక ఆయన పంపిందే. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు. ఆయన్ని అసహ్యించుకుంటూనే అక్షరం తప్పు పోకుండా కొట్టాను.

వారానికి హెలెన్ జవాబు రాసింది. నాలుగు వాక్యాలు. "శ్రమ తీసుకున్నందుకు ధన్యవాదాలు. మా ముత్తాత చివరి రోజుల్లో రూతు, రూతు అని పిలిచేవాడని మా తాత చెప్పేవాడు. మా కుటుంబంలో రూతు ఎవరూ లేరు. ఆమె మీ దగ్గర దొరుకుతుందని ఆశపడి వెతుకుతున్నాను, ఇక ఆపేస్తాను."

అంటే ఆవిడ వెతికిందే ఆ పేరు కోసం. ఈయన తీరిగ్గా, శ్రద్ధగా, సరిగ్గా ఆ పేరే చెరిపాడు. వంశం అంటే ఆస్తి, పేరు అంటే పేచీ అని తప్ప ఇంకోలా ఆలోచించడం ఆయనకి రాదు. చుట్టాల్ని కలుపుకోవడానికి ఎవరైనా వంశవృక్షం గీయిస్తారని ఆయన కలలో కూడా అనుకోలేదు.

నేను ఆ ఉత్తరం తెలుగులో చదివి వినిపించాను. కాసేపు వక్కపొడి నమిలి, "అయిపోయిన కేసమ్మా" అన్నాడు.

"సవరణ దస్తావేజు రాయరా మీరు, తప్పు పడితే? అట్లాగే ఇది కూడా..."

"దానికి రెండు పార్టీలూ వచ్చి సంతకాలు పెట్టాల" అని నవ్వాడు.

ఆ తర్వాత మూడేళ్లు సుందరమ్మగారు రెండు నెలలకోసారి జగ్గయ్యపేట నుంచి బస్సెక్కి వచ్చేది. ఆఫ్రికా నుంచి కాగితం వచ్చిందా అని అడిగేది. "ఓడ మీద రావాలిగా అమ్మా, టైము పడుద్ది" అనేవాడు ఈయన, మొహంలో ఒక్క గీత కదలకుండా. ఆవిడ నా షాపు బల్ల మీద కాసేపు కూర్చునేది. కొరియరు కుర్రాడు బండి ఆపితే లేచి నుంచునేది. అతను ఎవరిదో కవరు ఇచ్చి వెళ్లిపోతే మళ్లీ కూర్చునేది. నేను తల వంచుకుని ఎవరివో దస్తావేజులు కొట్టుకునేదాన్ని. ఆయన మీద అసహ్యం నాకు పదిహేనేళ్లుగా ఉంది గానీ, అది నా మీదకి తిరిగింది ఆ బల్ల దగ్గరే.

ఇప్పుడు ఆయన పోయాడు. కొడుకు కార్డు కింద వేయాల్సిన పేర్లు రాసి తెచ్చాడు. భార్య, కొడుకు, కోడలు, చిన్నకూతురు, అల్లుడు, మనవలు.

"మీ పెద్దక్క పేరేది?" అన్నాను. ఆ అమ్మాయి ఇరవయ్యేళ్ల కిందట వేరే కులం అబ్బాయిని చేసుకుంది. మైలవరంలోనే ఉంటోంది. తండ్రి శవాన్ని చూడటానికి వచ్చి వీధిలోనే నిలబడి వెళ్లిపోయిందని విన్నాను.

"నాన్న ఉన్నప్పుడే తీసేశాడుగా అక్కా. ఇంటి కాగితాల్లో కూడా లేదు. ఇంతే, ఇక వేరే ఎవరూ లేరు."

నాకు ఆ "ఫూ" వినిపించినంత పనయ్యింది. కాగితం అతని చేతిలో పెట్టేశాను. "నేను కొట్టను తమ్ముడూ. ఇంకో షాపు చూసుకో" అన్నాను. ఏమైందని రెండుసార్లు అడిగి, మొహం మాడ్చుకుని వెళ్లాడు.

ఆ మధ్యాహ్నమే షట్టరు సగం దించి హెలెన్‌కి రాశాను. రూతు ఉంది, మేం చెరిపాం అని రాశాను. సుందరమ్మ సంగతి, గొలుసు సంగతి, దా దా సంగతి అన్నీ రాశాను. చర్చి పుస్తకం ఫొటో జతచేశాను. అది నా సెల్లులో ఆ శనివారం నుంచీ ఉంది. పొద్దున్నకల్లా జవాబు వచ్చింది. మమ్మల్ని తిట్టలేదు. నాగమ్మ, రూతు, అక్కడి నుంచి సుందరమ్మ దాకా అన్ని గళ్లూ చేర్చి వాళ్ల వంశవృక్షం కొత్తగా గీసి పంపింది. "ఆమెని నేను ఏమని పిలవాలి?" అని అడిగింది.

ఫోను చేస్తే సుందరమ్మగారు దొరికిన మొదటి బస్సుకే వచ్చేసింది. రంగుల్లో తీసిన ప్రింటు చేతికిచ్చాను. ఆవిడకి ఇంగ్లీషు రాదు. నేను ఒక్కో గడి మీద వేలు పెట్టి చదివాను. రూతు దగ్గర ఆవిడ తన వేలు కూడా పెట్టింది, చాలాసేపు తియ్యలేదు. దా దా అన్న మాట చెబితే పైకే నవ్వేసింది. కళ్లు తుడుచుకుని, కొంగు ముడి విప్పి, తోమి మెరిపించిన ఒక ఇత్తడి బిళ్ల బల్ల మీద పెట్టింది.

"గొలుసులోంచి ఊడదీయించా. మా చెల్లెలికి పంపమ్మా. అక్క ఇచ్చిందని రాయి." తర్వాత పక్కగది తాళం వైపు చూసింది. "పెద్దాయన ఏడీ? ఏదో అనుకున్నా గానీ, అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఒక దణ్ణం పెట్టుకుని పోతా."

"పోయారు మామ్మగారూ. ఆదివారం పెద్దకర్మ."

"అయ్యో. పుణ్యాత్ముడు. ఆ రోజు కూడా వస్తానయితే."

అప్పటికే టీ తెప్పించాను. గ్లాసు ఆవిడ పక్కన బల్ల మీద ఉంది. ఊరుకుంటే ఆయన పుణ్యాత్ముడిగా పోతాడు, నేను మంచిదాన్నిగా మిగులుతాను. ఆయన పుణ్యాత్ముడు కావడం నేను భరించలేకపోయాను. నా నోరు తెరిపించింది మంచితనం కాదు, అదే.

"ఆయన రాయలేదు మామ్మగారూ. మీరెవరూ లేరని రాశాడు, మేం మీ ఇంటికి వచ్చిన మర్నాడే. ఈ కాగితం నిన్న నేను రాస్తే వచ్చింది."

ఆవిడ ప్రింటు వైపు చూసింది, నావైపు చూసింది. "మరి ఈ మూడేళ్లూ నీకు తెలుసా?"

"తెలుసు. లేరని టైపు చేసింది నేనే."

ఆవిడ ఇత్తడి బిళ్ల తీసుకుని మళ్లీ కొంగున ముడేసుకుంది. ప్రింటు మడిచి జాకెట్టులో పెట్టుకుంది. "మా చెల్లెలి అడ్రసు రాసివ్వు. నేనే పంపుకుంటా" అంది. నేను పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. తీసుకుని లేచింది.

"టీ తాగి వెళ్లండి మామ్మగారూ" అన్నాను.

గ్లాసు తీసి జాగ్రత్తగా, చుక్క తొణక్కుండా, నా కీబోర్డు పక్కన పెట్టింది.

"ఇయ్యాల నాకు ఉపవాసమమ్మా" అంది.